చిన్న డేగ తొడ ఎముక

మా మనవరాలు పనిచేసే గదిలో బతికున్న పిట్ట ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఎముకలే. నా మోకాళ్ళకు వ్యాయామం చేయించే ఆసుపత్రి, అది పనిచేసే మ్యూజియం ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి. ఆసుపత్రివాళ్ళు నా కాళ్ళను తడిబట్టలు పిండినట్టు పిండి వదిలాక, ఇది ఇంటికి బయల్దేరేదాకా ఆ ఎముకల గదిలోనే ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. "అమ్మమ్మా, ఏదీ ముట్టుకోకు" అని మొదటి రోజే చెప్పింది. ముట్టుకోవద్దంటే చూడొద్దని కాదు కదా. అడగొద్దని అంతకన్నా కాదు.

దాన్ని నేను పిచ్చిక అంటాను. చిన్నప్పుడు పళ్ళెం ముందు కూర్చోబెడితే మెతుకు మెతుకూ ఏరుకుని తినేది. అలాంటిది పెరిగి పెద్దదై డేగల మీద పడింది. అవి కూడా ఈ లోకంలో లేని డేగలు.

గది నిండా పల్చటి సొరుగులున్న బీరువాలు. సొరుగు లాగితే దూది పరిచి ఉంటుంది, దూది మీద ఎముకలు, నగల దుకాణంలో గొలుసులు పేర్చినట్టు. ప్రతి ఎముకకూ దారంతో కట్టిన చీటీ. మామూలు వాటికి తెల్ల దారం, కొన్నింటికి మాత్రం ఎర్ర దారం. ఎర్ర దారం కట్టినదాన్ని మా పిచ్చిక రెండు చేతులతో, ఊపిరి బిగబట్టి మరీ తీస్తుంది.

"వీటికేంటే అంత మర్యాద?" అని అడిగాను.

"కొత్త జాతి దొరికిందని చెప్పాలంటే, ఇదిగో, ఈ ఎముకను చూసి చెబుతున్నాను అని ఒకదాన్ని చూపించాలి అమ్మమ్మా. ఆ జాతి పేరు ఇక ఆ ఎముకను పట్టుకుని ఉంటుంది. తర్వాత ఎవరికి అనుమానం వచ్చినా దీని దగ్గరికే రావాలి."

"సాక్షి అన్నమాట."

"సాక్షే. నోరు లేని సాక్షి. అందుకే దీనితో చచ్చే చావు."

ఆ సొరుగులో ఎర్ర దారాలు రెండే. ఒకటి పెద్ద డేగ పుర్రెకు, ఇంకొకటి చిన్న డేగ తొడ ఎముకకు. తొడ ఎముక అంటే ఏదో అనుకునేరు, నా చిటికెన వేలంత ఉంటుంది. రెండూ ఒకే దీవిలో, ఒకే గుహలో దొరికాయి. ఆ దీవి ఎక్కడో సముద్రం నడిమధ్యన ఉందట. మనుషులు అడుగుపెట్టకముందు అక్కడ పిల్లీ లేదు, కుక్కా లేదు, ఎలకా లేదు. పిట్టలదే రాజ్యం. ఈ డేగలకు రెక్కలు పొట్టి, కాళ్ళు పొడుగు. ఆకాశంలో తిరిగే పని తక్కువ, పొదల్లో దూరి బల్లుల్నీ గువ్వల్నీ పట్టే పని ఎక్కువ. తర్వాత పడవల్లో మనుషులు వచ్చారు, మనుషుల వెంట ఎలకలు వచ్చాయి. గూళ్ళేమో చేతికందే కొమ్మల మీద. ఇంకేముంది, గుడ్డు మిగల్లేదు.

"పాపం ఒకే గుహలో రెండు రకాలూ పోయాయన్నమాట. లేకపోతే పెద్దది మొగుడూ చిన్నది పెళ్ళామూ ఏమో" అన్నాను, మాటవరసకి.

పిచ్చిక చేతిలో కుంచె ఆగిపోయింది. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "తలకిందులుగా చెప్పావు. డేగల్లో ఆడదే పెద్దది. మొగుడు దాని పక్కన బక్కపిల్లాడిలా ఉంటాడు" అంది.

"అదేం వింతే! మీ తాతయ్యా నేనూ అంతేగా. పెళ్ళి ఫోటోలో ఆయన్ని పీట మీద నిలబెట్టారు."

నవ్వలేదు పిల్ల. నాకు అప్పుడు అర్థమైంది, నేను ఊరికే విసిరిన రాయి ఎక్కడో తగలకూడని చోట తగిలిందని.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక అసలు సంగతి చూపించింది. పెద్ద డేగ తొడ ఎముక ఒకటి, నడుముకు విరిగినది, దీపం కింద భూతద్దం ముందు పెట్టి నన్ను చూడమంది. పిట్ట ఎముక లోపల బోలుగా ఉంటుందని నాకూ తెలుసు. ఇది బోలుగా లేదు. లోపల గోడలకు మెత్తటి నురుగులాంటిది పట్టి గడ్డకట్టి ఉంది, పాత బిందెలో ఉప్పునీటి పొర పేరుకున్నట్టు.

"గుడ్డు పెట్టే ముందు ఆడపిట్ట పెంకుకి కావలసిన సున్నం ఇలా ఎముకలో దాచుకుంటుంది. పెంకు కట్టేటప్పుడు దీన్నే కరిగించి వాడుకుంటుంది. మగపిట్టకి ఇది ఉండదు."

నా మోకాళ్ళు చూసిన డాక్టరు కూడా అదే అన్నాడు, నీ ఎముకల్లో సత్తువంతా నీ పిల్లలు పట్టుకుపోయారమ్మా అని. పోనీలే, నేను మోస్తే ఏం, వాళ్ళు మోస్తే ఏం అనుకున్నాను. ఆ విరిగిన ముక్క మీద నాకు చెప్పలేనంత అభిమానం పుట్టుకొచ్చింది. గుడ్డు పెట్టబోతూ పోయిన తల్లి అది.

"పెద్ద డేగల్లో ఇలా నిండినవి చాలా ఉన్నాయి. చిన్నవాటిలో ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళుగా అందరూ రెండు జాతులు అనుకుంటున్నారు. నాకు మాత్రం ఒకే జాతి ఆడా మగా అనిపిస్తోంది."

"మరి చెప్పెయ్. దానికింత గుసగుసలెందుకు?"

"ఆ రెండు పేర్లూ పెట్టింది మాస్టారు."

అదీ అసలు ముడి. మాస్టారు అంటే దీనికి ఎముక పట్టుకోవడం నేర్పిన మనిషి. ఇది ఆయన దగ్గర చేరిన కొత్తలో, పెళుసు ఎముకకు జిగురు ఎలా పూయాలో నేర్పడానికి పక్కన కూర్చుని తానే కుంచె పట్టించాడు. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాడు. ఆడ డేగ పెద్దదని ఆయనకు తెలియక కాదు. దేశంలో ఉన్న డేగలన్నీ కొలిచి, ఏ మొగుడికీ పెళ్ళానికీ ఇంత తేడా లేదు కాబట్టి ఇవి వేరే వేరే జాతులే అన్నాడు. దీవిలో లెక్క వేరుగా ఉండొచ్చని, వేట తక్కువైన చోట మొగుడు బల్లుల మీదా పెళ్ళాం గువ్వల మీదా పడి బతకడానికి ఒళ్ళు కూడా వేరై ఉండొచ్చని మా పిచ్చిక అంటుంది. ఇదివరకు ఒక శిష్యుడు ఈ అనుమానమే పైకి అన్నాడట. మాస్టారు తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నాడు. ఆ శిష్యుడు మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఇంకొకటి కూడా ఉంది. చిన్న డేగకు ఆయన తన భార్య పేరు పెట్టాడు. ఆవిడ పేరు చివర ఏదో తోక తగిలించారు, ఆ తోకతో కలిపి చెప్పాలంటే నాకు నోరు తిరగదు.

విభాగానికి పెద్ద ఒకాయన ఉన్నాడు, బొత్తాలన్నీ పెట్టుకునే మనిషి. ఆయన దీన్ని పిలిచి, "ఎందుకమ్మా పెద్దాయన్ని నొప్పించడం? ఆయన ఉన్నన్నాళ్ళూ ఆగు. డేగ ఎక్కడికీ ఎగిరిపోదు" అన్నాడట. ఇంటికొచ్చి నాకు చెప్పి ఏడ్చింది.

"ఆయన పోయాక రాస్తే వీపు వెనక మాట్లాడినట్టు కాదా అమ్మమ్మా? రాయకపోతే అబద్ధం కాపలా కాసినట్టు. రాస్తే ఆయన నన్నూ గుమ్మం బయటే ఉంచేస్తారు. నాకు ఆయన కావాలి."

"నేనొస్తా పద. ముసలిదాన్ని పక్కన పెట్టుకుని నిన్ను కసరలేడు" అన్నాను.

మాస్టారి ఇల్లు మెట్లెక్కాలి. నా మోకాళ్ళ సంగతి చూసి ఆయన భార్యే దిగి వచ్చి చెయ్యి అందించింది. సన్నగా, చురుగ్గా, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంది. మెట్లు ఎక్కేలోపలే నేను వదినగారూ అన్నాను, ఆవిడా వదినగారూ అంది. లోపల గదిలో కుర్చీ మీద కూడా పుస్తకాలే. ఆవిడ వాటిని ఎత్తి నేల మీద పెడుతూ, "ఈ ఇంట్లో కూర్చోవాలంటే ముందు తవ్వకాలు చెయ్యాలి" అంది.

పిచ్చిక టీ చల్లారేదాకా కప్పు తిప్పుతూ కూర్చుంది. తర్వాత గడగడా అప్పజెప్పినట్టు అంతా చెప్పేసింది. మాస్టారి మొహం ఎర్రబడింది.

"వాడు పంపించాడా నిన్ను?" అన్నాడు. వాడంటే పాత శిష్యుడు.

"ఎవరూ పంపలేదు మాస్టారూ."

"ఎముకలు తెచ్చావా?"

తెచ్చింది. ఎర్ర దారానివి కావు, మామూలువి, పెద్దదాని కాలి ఎముక ఒకటి, చిన్నదానిది ఒకటి. ఆయన వాటిని తీసుకుని, "కళ్ళు మూసుకో" అన్నాడు. అదేమిటో అనుకున్నాను నేను. ఇది చదువుకునే రోజుల్లో ఆయన అందరికీ అలాగే నేర్పేవాడట, కళ్ళు పేరును చూస్తాయి, వేళ్ళు ఎముకను చూస్తాయి అని. ఇది కళ్ళు మూసుకుంది. రెండూ దాని అరచేతుల్లో పెట్టాడు.

"చెప్పు. తేడా ఏమిటి?"

బొటనవేలితో గాడి వెంట రాసింది, తిప్పింది, చివర్లు తడిమింది. ఎంతసేపో.

"ఒకటి పెద్దది, ఒకటి చిన్నది మాస్టారూ. ఇంక నా వేళ్ళకేమీ తెలియట్లేదు."

వదినగారు కిసుక్కున నవ్వింది. "అయితే ఇన్నేళ్ళూ నన్ను వేరే కాపురం పెట్టించారా? పైగా నా పేరు మగడేగకా? ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది."

"నువ్వు ఊరుకో" అన్నాడాయన.

"ఊరుకుంటే గుహలోకి దిగేదాన్నే కాదు. తాడు కట్టుకుని దిగింది నేను. జల్లెడ పట్టింది నేను. మీరు పైన జ్వరంతో పడుకుని మూలుగుతుంటే ఆ తొడ ఎముక నా జల్లెడలోనే కదా పడింది!"

మాస్టారు మా ఎవరి వైపూ చూడలేదు. ఆ రెండు ఎముకలనే చూస్తూ, "చిన్న తొడ ఎముకలన్నీ విరిగినవే. విరగకుండా మొత్తంగా ఉన్నది ఆ ఎర్ర దారానిది ఒక్కటే. దాని లోపల ఏముందో చూశావా?" అన్నాడు.

"లేదు. దాన్ని కొయ్యడానికి వీల్లేదుగా."

"కొయ్యకుండానే చూడు. అందులో సున్నం ఉంటే చిన్నవాటిలోనూ ఆడవి ఉన్నట్టే. అప్పుడు నీ కాగితం నువ్వే చించెయ్యాలి."

"చించేస్తాను" అంది. మా పిచ్చిక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కొయ్యకుండా చూడటం అంటే స్కానింగే. మ్యూజియంలో ఆ యంత్రం లేదు. నా మోకాళ్ళకు స్కానింగు తీసిన ఆసుపత్రిలోనే అడిగి, మనుషుల రద్దీ తగ్గే వేళ రమ్మంటే నలుగురం వెళ్ళాం. విభాగం పెద్ద వద్దు వద్దంటూనే సంతకం పెట్టాడు, పేరు పెట్టిన మనిషే అడుగుతుంటే కాదనలేక. స్కానింగు అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని, తల ఎత్తకుండా అడిగింది.

"పేషెంటు పేరు?"

వదినగారు ముందుకొచ్చి తన పేరు చెప్పింది. అబద్ధం కాదు మరి, ఎముక పేరు కూడా అదే.

"వయసు?"

"నాలుగైదు వేలు ఉంటుందమ్మా."

ఆ అమ్మాయి తలెత్తింది. దూది పెట్టె చూసింది, మమ్మల్ని చూసింది. "కంప్యూటరు మూడంకెల దాకే తీసుకుంటుందండీ" అంది.

"అయితే అది ఎంత తీసుకుంటే అంత వేసుకో."

"ఆడా, మగా?"

మాస్టారే గొంతు సవరించుకున్నాడు. "అది తెలుసుకోవడానికే వచ్చాం."

నన్ను పడుకోబెట్టిన బల్ల మీదే ఆ చిటికెన వేలంత ఎముకను పడుకోబెట్టారు. నన్ను కదలొద్దని పదిసార్లు చెప్పారు, దానికి ఒక్కసారీ చెప్పే పని పడలేదు. అద్దం గోడకివతల మేమంతా తెర మీదకు వంగాం. బూడిదరంగులో ఎముక బొమ్మ వచ్చింది. ఆ అమ్మాయి మీట తిప్పుతుంటే ఎముక ముక్కలు ముక్కలుగా, రొట్టె కోసినట్టు, లోపలంతా తెరుచుకుంటూ పోయింది. పిచ్చిక మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తోంది. ఇంత తెల్లటి పొర కనిపిస్తే చాలు, పిల్ల కష్టమంతా బూడిదలో పోసినట్టే.

ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నల్లటి బోలు. అంతే.

నేను అమ్మయ్య అనబోయాను. మాస్టారు చెయ్యెత్తాడు. "బోలుగా ఉన్నంత మాత్రాన రుజువు కాదు" అన్నాడు.

"కాదు మాస్టారూ" అంది పిచ్చిక వెంటనే. "గుడ్లు పెట్టని కాలంలో పోయిన ఆడదైనా బోలుగానే ఉంటుంది. నేను తప్పని మాత్రం ఇది చెప్పలేదు. అంతే."

నా మనవరాలికి లౌక్యం లేదని నాకు తెలుసు కానీ, మరీ ఇంత లేదనుకోలేదు. వచ్చిన గెలుపును చేత్తో పక్కకు నెట్టేసింది. మాస్టారు దాని వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. కోపం కాదు. పరీక్ష కాగితంలో ఊహించని జవాబు కనిపించినప్పుడు చూసే చూపు.

"పెద్దదాని తొడ ఎముక బొమ్మ ఉందా నీ దగ్గర?"

ఉంది, విరిగిన రెండు ముక్కలూ జిగురుతో కలిపి ఇదివరకే వేరేచోట తీయించింది.

"దీన్ని దానంత పెంచి, దాని మీద పెట్టమ్మా" అన్నాడు స్కానింగు అమ్మాయితో. ఆ అమ్మాయికి సరదా పుట్టింది. చిన్నదాన్ని పెంచింది, తిప్పింది, జరిపింది. చిన్న ఎముక పెద్దదాని మీద కూర్చుంది. గాడి మీద గాడి, కండ పట్టిన గరుకు మీద గరుకు, తల మీద తల. ఒక్కచోట మాత్రం ఇంత తేడా వచ్చింది. మాస్టారు అక్కడ వేలు పెట్టి, "ఇది?" అన్నాడు. అది పెద్దదానికి జిగురు పెట్టిన విరుగు. ఆయన టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. వదినగారు ఆయన వెనకాలే వెళుతూ మా వైపు తిరిగి చెయ్యి ఊపింది, ఏమీ అనుకోకండి అన్నట్టు.

ఆ తర్వాత ఫోను లేదు, కబురు లేదు. పిచ్చిక తిండి మళ్ళీ మెతుకుల్లోకి వచ్చింది. రాసిన కాగితాలు మాస్టారికి పంపించేసింది, ఆయన చూడకుండా అచ్చుకు ఇవ్వనని కూడా చెప్పి పంపింది. అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. మింగలేకా కక్కలేకా తిరుగుతున్న పిల్లను చూడలేక నేనే అడిగాను.

"ఇంతకీ రెండూ ఒకటే అయితే ఏ పేరు ఉంటుందే?"

"ఏది ముందు పెడితే అదే ఉండాలి. ఇవి రెండూ ఒకే పుస్తకంలో ఒకేరోజు పెట్టారు. అలాంటప్పుడు, రెండింటినీ ముందుగా ఎవరు కలుపుతారో వాళ్ళే ఒకటి ఎంచుకోవాలి. నేను ఆవిడ పేరు ఉంచాను. ఆయనకు నేను ఇవ్వగలిగింది అదొక్కటే కదా."

మంచిపని చేశావన్నాను. నాకు నిజంగా మంచిదే అనిపించింది.

నా కాళ్ళ వ్యాయామం ఉన్న ఒకరోజు ఎముకల గదిలోకి మాస్టారు వచ్చాడు, వెనకాల వదినగారు. నమస్కారాలేవీ లేవు. చంకలో కాగితాలు తీసి బల్ల మీద కొట్టినంత పని చేశాడు.

"ఏమిటిది?"

పిచ్చిక లేచి నిలబడింది. దాని పెదవుల్లో రక్తం లేదు.

"ఒకే జాతి అన్నావు, బాగుంది. నా కొలతలు తప్పన్నావు, దేశంలోని డేగలతో దీవి డేగను కొలిచాను, తప్పే. చివర ఇదేమిటి? చిన్నదాని పేరు ఎందుకు ఉంచావు?"

"అది... మేడమ్ గారి పేరు కదా అని..."

"మొహమాటానికి శాస్త్రం రాస్తావా? పుర్రె ఉంది నీ దగ్గర! ముక్కు, కంటిగుంట అన్నీ ఉన్న పుర్రె. ఎవరు చూసినా ఇది ఫలానా డేగ అని చెప్పగలరు. రేపు ఆ దీవిలో ఇంకో డేగ బయటపడితే, తొడ ఎముక పట్టుకుని ఏం తేలుస్తారు? పేరు పుర్రె మీద ఉండాలి. ఈ మాత్రం నేర్పలేదా నీకు నేను?"

తిట్టు తిట్టులా లేదు. పిల్ల మొహంలోకి రక్తం తిరిగి రావడం చూశాను. కానీ అది ఆయన్ని కాదు, వదినగారిని చూస్తోంది. నేనూ ఆవిడనే చూశాను. ఎంత వేళాకోళమాడినా, తన పేరు పోతోందంటే మనసుకు ఎక్కడో తగలకుండా ఉంటుందా? ఆవిడ సొరుగు దగ్గరికి వెళ్ళి, ముట్టుకోకుండా, ఎర్ర దారం తొడ ఎముకను వంగి చూసింది.

"దీని పేరు ఎక్కడా ఉండదా ఇక?"

"ఉంటుందండీ. నిలిచిన పేరు కింద, పాత పేరు అని ఎప్పటికీ రాస్తారు. ఎర్ర దారం తియ్యరు. ఎముకను వెలికితీసినవాళ్ళు ఎవరో చీటీ మీద ఉంటుంది."

"నా జల్లెడ అని ఉందా?"

"మీ పేరు ఉంది."

"సరే, మార్చు" అంది ఆవిడ. కాస్త ఆగి, నా వైపు తిరిగి, "చూశారా వదినగారూ? ఎన్నాళ్ళుగానో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నా పేరు కొట్టెయ్యడానికి మాత్రం ఇద్దరూ ఎంత బాగా కలిశారో" అంది.

మాస్టారు ఆ మాట విన్నాడో లేదో. అప్పటికే కుర్చీ లాక్కుని దీపం తనవైపు తిప్పుకున్నాడు. "ఇది ఏ డేగల కుటుంబానికి దగ్గరో రాసింది కూడా నాకు నచ్చలేదు. కాళ్ళు చూసి చెప్పావు. కాళ్ళు దీవిలో మారతాయి, నిన్నగాక మొన్నే నాకు నువ్వే చెప్పావు. రెక్కలు తియ్యి. దీని పుట్టిల్లు ఎక్కడో రెక్కలు చెబుతాయి."

"రెక్క ఎముకలు పైసొరుగులో ఉన్నాయి మాస్టారూ."

"మరి నిలబడి చూస్తావేం? తీసుకురా. రెండు దూది పెట్టెలు కూడా."

తెచ్చింది. రెండు తలలు ఒకే దీపం కిందికి వంగాయి. ఒకరు కళ్ళు మూసుకోవడం, ఒకరు ఎముక చేతిలో పెట్టడం, కాదు అంటే కాదు అనుకోవడం మొదలైంది. విభాగం పెద్ద తలుపు సందులోంచి తొంగిచూసి, ఏమనుకున్నాడో, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి పోయాడు. మేమిద్దరం అక్కడున్నామన్న సంగతి వాళ్ళు మరిచేపోయారు.

వదినగారు కాసేపు చూసింది. తర్వాత తన సంచీ భుజానికి తగిలించుకుని, నా కుర్చీ దగ్గరికి వచ్చి చెయ్యి అందించింది.

"లేవండి వదినగారూ. వీళ్ళిప్పట్లో కదలరు. మనం బస్సుకి పోదాం."